వాటం బల్ల

మొన్న మా హాల్లో టైల్స్ వేయడానికి కోదాడ నుంచి వచ్చిన మేస్త్రి, పని మొదలుపెట్టకముందే మా భోజనాల బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. వంగి కాళ్ళు చూశాడు. ఒక కన్ను మూసి రాతి అంచు వెంట చూపు సారించాడు. జేబులోంచి ఫోన్ తీసి రాయి మీద పెట్టి, తెర మీద కదిలే ఆకుపచ్చ బుడగను చూసి నాలుక చప్పరించాడు. "ఏందమ్మా, గీ బల్ల ఒక దిక్కు ఒరిగుంది గదా! కొత్త టైల్స్ మీద ఇంకింత కొట్టొచ్చినట్టు కనిపిస్తది. ఈ రెండు కాళ్ళ కింద చెక్కముక్కలు పెడితే సాఫయితది. ఊరికే చేసిస్తా లే" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు పాపం. అయినా నాకు ఒళ్ళు మండింది. "బల్ల జోలికి రాకు నాయనా, నీకు ఒప్పజెప్పింది నేల" అన్నాను. నేను పనివాళ్ళతో ఒక మాట అంటే చాలు, వెనకాలే వచ్చి వాళ్ళని బుజ్జగించడం మా ఆయనకి ఉద్యోగం. ఈసారి మాత్రం చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలోంచే, "దాన్ని ముట్టుకోవద్దు" అని ఊరుకున్నారు. మేస్త్రి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఏ విషయం మీదా ఒకే మాట చెప్పని దంపతులు ఇప్పుడు ఒకే మాట చెప్పారని అతనికేం తెలుసు?

బల్ల ఒరిగిన సంగతి మాకు తెలియక కాదు. దాన్ని ఒరిగేలా చేసింది మేమే. మా ఇద్దరిలో ఎవరు చేశారన్న దాని మీద వాదన ఇంకా నడుస్తోంది, ఈ జన్మకి తీర్పు వచ్చే సూచనలు లేవు. నా పక్షం ఇక్కడ రాసిపెడుతున్నాను. ఆయన పక్షం కావాలంటే ఆయన రాసుకోవచ్చు. పురుగుమందుల కొట్టు మనిషికి ఎండాకాలంలో తీరికకేం తక్కువ?

కథ మా అత్తగారి మోకాళ్ళతో మొదలైంది. నేను నందిగామ నుంచి కోడలిగా జగ్గయ్యపేట వచ్చిన నాటికి ఆ ఇంట్లో భోజనమంటే నేల మీదే. వంటింటి పక్క గదిలో నాపరాళ్ళ మీద వరసగా కంచాలు, గోడ వారన పనసచెక్క పీట మీద ఆవిడ. అందరి కంచాలూ ఆవిడ కంటి కిందే ఉండేవి. ఎవరికి పప్పు అయిపోయిందో, ఎవరు వంకాయ పక్కకి నెడుతున్నారో తల ఎత్తకుండా చెప్పేవారు. తినడం అయ్యాక కంచం ఉన్న ప్రతి చోటా చెంబుతో నీళ్ళు చిలకరించి, అరచేత్తో అర్ధచంద్రంలా తుడిచి, ఆ నీళ్ళని మూల ఉన్న తూములోకి తోసేవారు. అది అయ్యేదాకా ఆ గదిలో ఎవరూ అడుగు పెట్టకూడదు. ఎంగిలి విషయంలో ఆవిడ పట్టింపు మా వీధంతటికీ తెలుసు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివొచ్చిన దాన్ని కదా, కొత్తలో క్రిముల గురించీ, సబ్బు గురించీ ఉపన్యాసాలిచ్చాను. ఆవిడ శ్రద్ధగా అంతా విని, "బాగా చెప్పావమ్మా. మరి ఆ మూల తుడిచావా, లేదా?" అని అడిగేవారు. నేను తుడిచేదాన్ని.

ఆ మోకాళ్ళు కొన్నాళ్ళు మూలిగి, కొన్నాళ్ళు వాచి, చివరికి ఒక రోజు పీట మీద కూర్చున్న మనిషిని లేవనివ్వలేదు. మా ఆయనా నేనూ చెరో చంకా పట్టుకుని లేపాం. బెజవాడ తీసుకెళ్తే అక్కడి డాక్టరు ఎక్స్‌రే ఫొటోలు వెలుతురుకి పెట్టి చూసి, "ఇక కింద కూర్చోవడం మర్చిపోండమ్మా" అన్నాడు. "కూర్చోటం మర్చిపోతాలే బాబూ, తినటం ఎట్టా?" అన్నారు ఆవిడ. డాక్టరు నవ్వాడు. జోకనుకున్నాడు. అది జోకు కాదని మాకు నెల తిరక్కుండానే తెలిసింది. ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఎదురుగా స్టూలు పెట్టి, దాని మీద కంచం పెట్టాం. కొడుకు నేల మీద కూర్చుంటే తాను ఎత్తు మీద కూర్చుని తినడం ఆవిడకి నచ్చలేదు. మేం ముందే తినేసి ఆవిడకి తర్వాత పెడితే, ఒక్కరే గోడ వంక చూస్తూ తినడం అంతకన్నా నచ్చలేదు. పెళ్ళి పందిట్లో బంతిలో చోటు దొరకని మనిషిలా కంచం ఒళ్ళో పెట్టుకుని నాలుగు మెతుకులు కతికి, "ఆకల్లేదమ్మా, తీసెయ్" అనేవారు. రాత్రి భోజనం మజ్జిగ గ్లాసులోకి దిగింది.

అప్పట్లో ఆవిడ చేతులకి రెండేసి బంగారు గాజులుండేవి. ఒక రోజు కాఫీ ఇస్తూ చూశాను, ఆ గాజులకి లోపలి వైపు తెల్లదారం చుట్టి ఉంది. ఏమిటని అడిగితే, "జారిపోతన్నాయమ్మా" అన్నారు తేలిగ్గా. వారం తర్వాత దారం వరసలు పెరిగాయి. అదే వారంలో ఖమ్మం నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, మా అమ్మకి అన్నం పెట్టటం నీకు కష్టమైతే చెప్పు, తీసుకొచ్చుకుంటా. మా ఇంట్లో డైనింగ్ టేబులుంది" అంది. నేను మాటకి మాట చెప్పలేకపోయిన సందర్భాలు నా జీవితంలో చాలా తక్కువ. అది అందులో ఒకటి. ఫోన్ పెట్టేసి ఆయనతో, "మీ అమ్మగారు ఈ ఇంట్లోనే, మనందరితో కలిసే, కడుపునిండా తినాలి. ఏం చేస్తారో చెయ్యండి, నేనూ చేస్తా" అన్నాను.

డైనింగ్ టేబుల్ కొనడానికి మాకు కొట్లు లేక కాదు. కొనబోతున్నామని చెప్పగానే అత్తగారు అడ్డంగా తల తిప్పారు. "చెక్క నీళ్ళు తాగుద్ది. నీళ్ళు తాగేది ఎంగిలి తాగదా? పొద్దున ఎంగిలైన చోటే మళ్ళీ రాత్రికి కంచం పెడతారా?" అన్నారు. తుడుస్తాం కదా అత్తయ్యా అంటే, "గుడ్డతో తుడిస్తే పోయేది దుమ్ము. ఎంగిలి పోవాలంటే నీళ్ళు పారాలి" అని తేల్చేశారు. పోనీ అద్దం బల్ల కొందామన్నారు మా ఆయన. "అన్నం తింటా నా మొహం నేనే చూసుకోవాలా? ఈ వయసులో అదొక్కటే తక్కువ" అన్నారు ఆవిడ. ఖమ్మంలో అమ్మాయి ఇంట్లో టేబుల్ మీద తింటారు కదా అని నేను ఎత్తిపొడిచాను. "అక్కడెక్కడ తిన్నా? అరటిపళ్ళతో గడిపా" అన్నారు.

దొడ్డి వరండాలో ఒక పాత వంటగట్టు రాయి గోడకి ఆనించి ఉండేది. వంటింట్లో గ్రానైట్ వేయించినప్పుడు తీసేసిన నల్లటి కడపరాయి. ఎన్నో ఏళ్ళు ఆవిడ దాని మీదే కూరలు తరిగి, పిండి కలిపి, గిన్నెలు దించి, చివరికి దాన్ని పారేయడానికి ఒప్పుకోలేదు. ఆ మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని దాని మీద చెంబుతో నీళ్ళు పోస్తూ చేత్తో రుద్దుతున్నారు, ఎవరో పిల్లలు మామిడికాయ తిని రసం కార్చారట. నీళ్ళు జర్రున జారిపోయాయి. నేను చూస్తూ నిలబడ్డాను. "రాయి తాగదా అత్తయ్యా?" అని అడిగాను. "రాయేం తాగుద్దే, పిచ్చిదానా" అన్నారు. అంతే, నేను చెప్పులేసుకుని కొట్టుకి నడిచాను. మా ఆయన కౌంటర్ వెనకాల పేపరు చదువుకుంటున్నారు. వత్సవాయి నుంచి వచ్చిన ఇద్దరు రైతులు మందు కొనే కాలం కాదు కాబట్టి ఫ్యాను కింద కబుర్లు చెప్పుకుంటున్నారు. "ఆ రాయిని మోసే బల్ల కావాలి. ఇప్పటి షోరూం సరుకు దాని కింద నలిగిపోద్ది. పాత చెక్క చూడాలి, లేవండి" అన్నాను. రైతులు కబుర్లు ఆపేశారు. ఆయన పేపరు మడిచారు.

నందిగామలో హైవే వారన, పడగొట్టిన ఇళ్ళ తలుపులూ గుమ్మాలూ కిటికీలూ అమ్మే అడితి ఒకటి నా చిన్నప్పటి నుంచీ ఉంది. కాలేజీకి వెళ్ళేటప్పుడు ఆ గుమ్మాల వరసని చూస్తే, ఇళ్ళన్నీ ఎక్కడికో వెళ్ళిపోయి గుమ్మాలు మాత్రం బస్సు కోసం నిలబడినట్టుండేది. అక్కడ ఒక మూల, విరిగిన కుర్చీల కింద మా బల్ల దొరికింది. ఎవరో వకీలు గారి ఆఫీసు గదిలో పనిచేసి రిటైరైందట. పై పలకల్ని చెదలు తినేశాయి. చట్రమూ, లావుపాటి కాళ్ళూ మాత్రం గట్టిగా ఉన్నాయి. రంగు మీద రంగు, పైన చాక్లెట్టు రంగు, పెచ్చు లేచిన చోట ఆకుపచ్చ, దాని కింద ఆకాశం రంగు. మా ఆయన గోటితో గీకి వాసన చూసి, "టేకు" అన్నారు. "వేప" అన్నాను, ఆయన టేకన్నారు కాబట్టి. అడితి ఆయన మధ్యలో, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు. "ఈ ఊరే. మీ నాన్నగారి హయాం నుంచీ ఈ దారినే నడిచా. పలకలు లేని బల్లని బల్లంటారా, కట్టెలంటారా? కట్టెల లెక్కన చెప్పండి" అన్నాను. ఆయన మా వారి వంక జాలిగా చూసి, "ఇంట్లో కూడా ఇట్టాగేనాండీ?" అన్నాడు. "ఇంట్లో ఇంతకన్నానండీ" అన్నారు మా వారు, మొహమాటం లేకుండా. ఆ జాలి మీదే బేరం కుదిరింది. ట్రాలీ ఆటోలో నేను ముందు, బల్లని కావలించుకుని ఆయన వెనక. చిల్లకల్లు దగ్గర హైవే దిగి మా ఊరి వైపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తే, తలంతా దుమ్ముతో, బల్ల కాలు పట్టుకుని, ఎన్నికల్లో గెలిచినవాడిలా నవ్వుతున్నారు.

దొడ్లో గచ్చు మీద, వేపచెట్టు నీడలో పని మొదలైంది. ఇంట్లోకి దుమ్ము రాకూడదని గచ్చు మీద పెట్టించింది నేనే. ఈ ఒక్కటీ ఒప్పుకుంటాను, ఎందుకంటే తర్వాత వాదనలో ఆయన దీన్నే పట్టుకుంటారు. రంగు ఎలా తీయాలన్న దాని మీద మొదటి యుద్ధం. కాస్టిక్ సోడా పూస్తే క్షణంలో ఊడిపోతుందని ఆయన. టేకైతే నల్లబడుతుందని నేను. "ఇందాక వేపన్నావుగా?" అన్నారు. "పురుగుమందులు అమ్మినంత మాత్రాన కెమిస్ట్రీ రాదు" అన్నాను. నేను కూరగాయలకి వెళ్ళొచ్చేలోగా ఒక కాలికి పూసేశారు. రంగు ఊడింది, నిజమే. కాలు బొగ్గులా నల్లబడింది, అదీ నిజమే. ఆ కాలు ఇవాళ్టికీ నల్లగానే ఉంది, నేను అటు చూసినప్పుడల్లా ఆయన ఇటు చూస్తారు. వసారాలో కుర్చీ వేయించుకుని ఇదంతా చూస్తున్న అత్తగారు, "ఉండనీలేరా అబ్బాయ్, దిష్టి తగలకుండా ఒకటి ఉండాలి" అని కొడుకుని వెనకేసుకొచ్చారు. ఆ వెంటనే, "నేను మాత్రం దాని మీద తినను. ముందే చెప్తన్నా" అని నాకు గుర్తుచేశారు.

మిగిలిన మూడు కాళ్ళూ, చట్రమూ ఉప్పుకాగితంతో రుద్దాం. ఒకరు పని చేస్తుంటే రెండోవాళ్ళు నోరెత్తకూడదని ఒప్పందం చేసుకున్నాం. అది మొదటి కాఫీ దాకా నిలిచింది. ఆయనది కొలిచే స్వభావం. పెన్సిలు గీస్తారు, చెరుపుతారు, మళ్ళీ గీస్తారు, కళ్ళజోడు తుడుచుకుంటారు. నాది చేసెయ్యి, తర్వాత చూద్దాం అనే స్వభావం. ఎవరి పద్ధతిలో వాళ్ళని వదిలేస్తే ఆయన ఇంకా గీస్తూ ఉండేవారు, నేను బల్లని ఎప్పుడో ముక్కలు చేసేదాన్ని. ఎండు మిరప కల్లాల మీంచి వచ్చే ఘాటుగాలికి చెక్కదుమ్ము కలిసి ఇద్దరం పోటీపడి తుమ్మేవాళ్ళం. చాక్లెట్టు పోయి ఆకుపచ్చ, ఆకుపచ్చ పోయి ఆకాశం, ఆకాశం పోయి ఒక సాయంత్రం బెల్లంపాకం రంగు తేలింది. దాని మీద సన్నటి గీతలు, దువ్విన జుట్టులా. వాసన వచ్చింది, చెక్కది, పాత తోలు చెప్పులది, ఎక్కడో కొంచెం నూనెది. టేకే. ఆ మాట ఆయనతో ఇంతవరకూ అనలేదు. ఆయన మాత్రం ఉప్పుకాగితం పక్కన పెట్టి, ఆ కాలిని అరచేత్తో పైనుంచి కిందికి నిమిరి, "ఇన్నాళ్ళూ లోపలే ఉందే" అన్నారు. కొట్టుకి తాళం వేసొచ్చి, ఎండలో గంటలకొద్దీ వంగి పనిచేస్తున్న ఆ మనిషిని నేను అప్పటిదాకా సరిగ్గా చూడలేదనిపించింది. అదీ ఆయనతో అనలేదు.

రంగు పోయాక చూస్తే, ఒక కాలి అడుగుని చెదలు తినేసి ఉన్నాయి. ఆయన అంతవరకూ కోసి, మిగతా మూడింటినీ దాని కొలతకే కోశారు. ఇక్కడిదాకా అంతా బాగుంది. ఆ తర్వాత పక్క బిల్డింగు మేస్త్రి దగ్గర రసమట్టం అరువు తెచ్చి చట్రం మీద పెట్టారు. అందులో గాలిబుడగ మధ్యకి వస్తే మట్టంగా ఉన్నట్టు. రాలేదు. ఒక పక్కకి పోయి కూర్చుంది. "ఈ చివర ఎత్తుంది" అన్నారు. "అయితే ఆ ఎత్తున్న చివరే కోసెయ్యండి" అన్నాను. కొంచెం కోశారు. ఇంకొంచెం అన్నాను. ఇంకొంచెం కోశారు. ఆ చివర రెండు కాళ్ళూ రెండు వేళ్ళ మందం తగ్గాక బుడగ బుద్ధిగా మధ్యకి వచ్చింది. ఆయన దానికి ఫోన్‌తో ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది, వాదన వచ్చినప్పుడల్లా తీసి చూపిస్తారు. మిల్లు నుంచి నలుగురు హమాలీలు వచ్చారు. రాయిని చట్రం మీద కూర్చోబెట్టి, జిగురు ఆరాక, హాలు తలుపు రెక్క ఊడదీసి బల్లని లోపలికి మోశారు. కిటికీ పక్కన దించి, మజ్జిగ తాగి, "ఇంక దీన్ని కదిలించాలంటే మమ్మల్ని పిలవబాకండమ్మా" అని భుజాలు రుద్దుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ రోజు వంట నేను పండగ వంటలా చేశాను. దోసకాయ పప్పు, గోంగూర, గుత్తొంకాయ, చారు. అత్తగారు కుర్చీ బల్లకి దూరంగా వేయించుకుని, "ముందు మీరు తినండి, చూస్తా" అన్నారు. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. నల్లరాయి తళతళలాడుతోంది. ఆయన అన్నంలో చారు పోసుకున్నారు. చారు కంచంలో ఒక పక్కకి నడిచి వెళ్ళింది. ఆయన కంచం తిప్పారు. చారు మళ్ళీ అదే పక్కకి, గుమ్మం వైపుకి వెళ్ళింది. ఆయన నా వంక చూడకుండా నిమ్మకాయ తీసి రాయి మీద పెట్టారు. అది కాసేపు ఆలోచించి, మెల్లగా దొర్లి, పప్పుగిన్నె పక్కనుంచి, ఉప్పు డబ్బా పక్కనుంచి బల్ల పొడవునా ప్రయాణం చేసి, చివర్నుంచి కింద పడింది. అత్తగారి చూపు కూడా దాంతోపాటే ప్రయాణం చేసి కింద పడింది.

అప్పుడు వెలిగింది మాకు. దొడ్లో గచ్చుకి వాటం ఉంది. గిన్నెలు తోమిన నీళ్ళూ, బట్టలుతికిన నీళ్ళూ నిలవకుండా అరటిచెట్లకి పారాలని మా మామగారు దగ్గరుండి ఆ ఏటవాలు పెట్టించారట. ఏటవాలు నేల మీద మట్టంగా ఉండేలా కోసిన బల్ల, చదునైన హాల్లో ఎలా ఉంటుంది? "గచ్చు వాటం గుర్తులేదా నీకు? రోజూ దాని మీద నీళ్ళు పోసేది నువ్వేగా!" అన్నారు ఆయన. "కొలిచింది మీరు! పుట్టింది ఈ ఇంట్లో మీరు! రసమట్టం పట్టుకుని ఫొటో తీసుకుంది మీరు!" అన్నాను. "ఇంకొంచెం, ఇంకొంచెం అని కోయించింది ఎవరు?" అన్నారు. పప్పు చల్లారిపోయింది. చివరికి ఆయన చెయ్యి కడుక్కుని, "నా వల్ల కాదే. రాయి ఊడదీస్తే పగిలిపోద్ది. మోయటానికి మనుషులు రారు. ఎవరికైనా ఇచ్చేద్దాం. అమ్మని కొన్నాళ్ళు ఖమ్మం పంపిద్దాం" అన్నారు. ఆయన గొంతులో కోపం ఉంటే నేను ఇంకో గంట పోట్లాడేదాన్ని. కోపం లేదు. నేను అత్తగారి చేతుల వంక చూశాను. దారం చుట్టిన గాజులు మోచేతి దగ్గర ఉన్నాయి. "ఇచ్చేది లేదు, పంపేది లేదు. రేపు నేనే జాకీ తెప్పిస్తా, కాళ్ళ కింద ముక్కలు నేనే పెడతా" అన్నాను. నా గొంతు కూడా నేననుకున్నంత గట్టిగా రాలేదు.

అత్తగారు కర్ర పట్టుకుని లేచారు. ఎవరి సాయమూ అడగలేదు. బల్ల దగ్గరికొచ్చి, "ఆ కంచాలు తియ్యండి" అన్నారు. తీశాం. మంచినీళ్ళ చెంబు అందుకుని, కిటికీ వైపు చివర నిలబడి, రాయి మీద వంచారు. నీళ్ళు పలచగా పరుచుకుని, ఆయన ఒలకబోసిన చారునీ, నేను రాల్చిన మెతుకుల్నీ ఎత్తుకుని, ఎక్కడా ఆగకుండా, ఏ మూలా మడుగు కట్టకుండా, బల్ల ఆ చివరి దాకా వెళ్ళి కిందికి జారాయి. నల్లరాయి శుభ్రంగా మిగిలింది. ఆవిడ వంగి చేత్తో రాసి చూశారు. ఇంకో చెంబు పోయించుకుని మళ్ళీ చూశారు. "ఇట్టా వాటంగా ఉండాలని ఎవరికి తోచిందిరా?" అన్నారు. "నాకే" అన్నాం ఇద్దరం, ఒక్కసారే. ఆవిడ నవ్వలేదు. "కుర్చీ ఇటెయ్యి. నేను ఎగువన కూర్చుంటా. మీ ఎంగిలి నీళ్ళు నా వైపు రాకూడదు. ఆ చివర కింద బకెట్ పెట్టు. అబ్బాయ్, నువ్వు మధ్యలో. అమ్మాయ్, నువ్వు పల్లానికి కూర్చో, కడిగేదానివి నువ్వేగా" అని సీట్లు కేటాయించేశారు.

పల్లానికి కూర్చోమన్నందుకు మామూలుగా అయితే నేను ఊరుకోను. ఆ రోజు కూర్చున్నాను. ఆవిడ అన్నం మధ్యలో గుంట చేసి, అటువైపు మెతుకులతో చిన్న గట్టు కట్టి, చారు పోయించుకున్నారు. ఒక్క చుక్క పోలేదు. పొలానికి నీళ్ళు పెట్టినట్టు పెట్టుకున్నారు. రెండోసారి గోంగూర అడిగారు. గుత్తొంకాయలో ఉప్పు ఎక్కువైందన్నారు. ఉప్పు సరిగ్గానే ఉంది. ఆవిడ మళ్ళీ వంకలు పెడుతున్నారంటే ఆకలి వచ్చినట్టే లెక్క కాబట్టి నేను వాదించలేదు. ఆ తర్వాత మా ఆయన పల్లపు చివర ఒక రేకు మడిచి తూములా బిగించారు, నీళ్ళు బకెట్లోకే పడేలా. మా ఆడపడుచు వచ్చినప్పుడు బల్లని చూసి, "ఇదేంటే అమ్మా, ఒక పక్కకి పడిపోయింది?" అంటే, "మీ టేబులు మీద నీళ్ళు నిలబడతయ్ కదే, పాపం" అన్నారు అత్తగారు, నిజమైన జాలితో. నా జీవితంలో నా తరఫున మరొకరు వాదించి గెలిచింది ఆ ఒక్కసారే. వర్షాలు మొదలయ్యాక ఒక ఉదయం నేను ఆవిడ కూర్చునే ఎగువ చోటు తుడుస్తుంటే, రాయి మీద తెల్లదారం ముక్కలు కనిపించాయి. కత్తెర పక్కనే ఉంది. ఏమిటని అడగలేదు. చెత్తలో వేయడానికి చేతులు రాక, కొంగున ముడేసుకున్నాను.

బల్లతో మాకు చెయ్యి తిరిగింది, నోరు ఎప్పుడూ తిరిగేదే. పెనుగంచిప్రోలులో ఒక పాతింటి నుంచి నాలుగు కుర్చీలు తెచ్చి, ఊడిన కీళ్ళు బిగించి, కూర్చునే చోట నవారు అల్లాం. గాజు పగిలిన పుస్తకాల బీరువాకి వల కొట్టి పచ్చళ్ళ బీరువా చేశాం. ప్రతిదాని మీదా గొడవే, ప్రతిదీ ఇంట్లోనే ఉంది. ఒక నియమం మాత్రం పెట్టుకున్నాం, గచ్చు మీద ఏ కాలూ కోయకూడదని. అత్తగారు ఆ కుర్చీల్లో గట్టిదాన్ని ఏరుకుని ఎగువన వేయించుకున్నారు. నాలుగేళ్ళు అక్కడి నుంచే మా కంచాలు కనిపెట్టి చూశారు. పోయినేడు పత్తి తీతలప్పుడు, రెండు రోజుల జ్వరంతో పోయారు. పోయేముందు రోజు మధ్యాహ్నం కూడా ఆ కుర్చీలోనే కూర్చుని, చారులో ఇంగువ తక్కువైందన్నారు. అది మాత్రం నిజంగానే తక్కువైంది.

టైల్స్ పని నిన్నటితో అయిపోయింది. మేస్త్రి మనుషులు వసారాలోంచి బల్లని మోసుకొచ్చి కిటికీ పక్కన దించారు. చూడటానికి ఎక్కడుండేది అక్కడే ఉంది. నేను అలవాటుగా చెంబు తెచ్చి కిటికీ వైపు చివర నీళ్ళు పోశాను. అవి ముందుకు పోలేదు. అక్కడే అంచు దాటి నా పాదాల మీద పడ్డాయి. వంగి చూస్తే, గుమ్మం వైపు ఉండాల్సిన నల్లకాలు కిటికీ వైపుంది. తూము రేకూ అటే ఉంది. బల్లని తిప్పి పెట్టేశారు. "మళ్ళీ తిప్పాలి" అన్నాను. మేస్త్రి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. "ఎటుంటే ఏందమ్మా? అటు దిక్కు కూసునేటోళ్ళు ఎవరు?" అన్నాడు. "మా అత్తగారు" అన్నాను. అతను లోపలి గదుల వైపు చూసి, "ఏరమ్మా?" అన్నాడు. నా వెనక నుంచి మా ఆయన గొంతు వినిపించింది. "లేరు. తిప్పండి." అనడమే కాదు, చొక్కా చేతులు పైకి మడిచి, నల్లకాలి దగ్గర ఆయనే ముందుగా చెయ్యి వేశారు. మేస్త్రి వచ్చి పక్క కాలు పట్టుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక మేమిద్దరం భోజనానికి కూర్చున్నాం, ఆయన మధ్యలో, నేను పల్లానికి. ఆయన చారు నా వైపుకే వచ్చింది. ఈ మధ్య నా మోకాళ్ళు కూడా పట్టేస్తున్నాయి కాబట్టి, "నువ్వు ఎగువకి మారరాదూ?" అన్నారు ఆయన. "ఇంకా తొందరేం లేదు" అన్నాను. తిన్నాక కంచాలు తీసి, ఆవిడ కుర్చీ పక్కన నిలబడి చెంబు వంచాను. నీళ్ళు ఆ ఖాళీ చోటు దగ్గర బయల్దేరి, ఆయన చోటు దాటి, నా చోటు దాటి, తూములోంచి బకెట్లో పడ్డాయి. కాలం కూడా పెద్దవాళ్ళ దగ్గర బయల్దేరి మన దాకా వచ్చి ఆగుతుందనుకుంటాం. మన ముందు నుంచే వెళ్తూ ఉంటుంది, ఆగదు.